పోయిన దీపావళికి మా మోతి పారిపోయాడు. ఈసారి ఇప్పటి నుంచే ఏం చేయాలి?

ప్రశ్న: మోతివాళ్లమ్మ, మహబూబ్‌నగర్

నమస్తే అందరికీ. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ దగ్గర. మోతి మా కుక్క. జాతి కుక్కేం కాదు, మా గల్లీలో పుట్టినవాడే. నాలుగేళ్ల కింద వానాకాలంలో మోరీ పక్కన ముడుచుకుని ఉంటే మా చిన్నోడు అంగీలో చుట్టుకుని తెచ్చాడు. తెల్లటి ఒళ్లు, ఎడమ చెవి మీద బెల్లం రంగు మచ్చ. పాల ప్యాకెట్లేసే అబ్బాయి దగ్గర్నుంచి కరెంటు బిల్లు కొట్టే ఆయన దాకా అందరికీ తోక ఊపుతాడు. పటాకుల చప్పుడు వింటే మాత్రం వాడు మా మోతేనా అనిపిస్తుంది.

పోయిన దీపావళి సాయంత్రం ఆరున్నరకు నేను గడప దగ్గర దీపాలు పెడుతున్నాను. తలుపు బార్లా తీసి ఉంది. గల్లీలో ఎవరో సుత్లీ బాంబు కాల్చారు. మోతి నా కాళ్ల సందులోంచి దూకి, దీపాల పళ్లెం తన్నేసి, గేటు కింద నుంచి దూరిపోయాడు. మామూలప్పుడు ఆ సందులో వాడి తల కూడా పట్టదు. గేటు రేకుకు వాడి వీపు వెంట్రుకలు గుత్తిగా అంటుకుని ఉన్నాయి.

రాత్రి రెండింటి దాకా తిరిగాం. న్యూటౌన్, రైల్వే స్టేషన్, పద్మావతి కాలనీ, ఏదీ వదల్లేదు. ఎక్కడున్నా నా గొంతు వింటే వస్తాడని నా నమ్మకం. కానీ నేను పిలిచినప్పుడల్లా ఎక్కడో ఒక బాంబు పేలేది. మూడో రోజు పొద్దున పిల్లలమర్రి రోడ్డులో టీ కొట్టాయన వాట్సాప్‌లో మేం పెట్టిన ఫొటో చూసి ఫోన్ చేశాడు. వెళ్లేసరికి బల్ల కింద గోడకు ఆనుకుని ఉన్నాడు. నాలుగు అరికాళ్లూ పగిలి రక్తం కట్టింది. నన్ను చూసి కూడా బయటికి రాలేదు. నేను ఆ మట్టిలోనే పడుకుని చెయ్యి చాచి ఉంచితే, చాలాసేపటికి ముక్కు నా వేళ్లకు ఆనించాడు. ఆ తడి ముక్కు ఇప్పటికీ నా వేళ్ల మీదే ఉన్నట్టుంటుంది.

మొన్న గణేశ్ నిమజ్జనానికి ముందు ఒక క్లినిక్‌కు తీసుకుపోతే నిద్ర మాత్ర అని ఒకటి ఇచ్చారు. వేశాను. లేవలేక చాప మీద వాలిపోయాడు. కానీ నిద్రపోలేదు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, మూలనుంచి ఎర్రటి పొర అడ్డంగా వచ్చింది. డీజే, పటాకులు వినిపించిన ప్రతిసారీ చెవులు అదిరేవి. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె నా అరచేతిని కొట్టినట్టుంది. ఆ మాత్ర ఇంకోసారి వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

దీపావళికి ఇంకా ఆరు వారాలుంది. ఈ ఆరు వారాల్లో ఏం చేస్తే బాగుంటుంది? మా అత్తమ్మ ఏమంటుందంటే, భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే ఇంకా ముద్దెక్కి భయం పెరుగుతుందట, పట్టించుకోకుండా కట్టేయాలట. అది నిజమా? ఆ మాత్ర సంగతి తెలిసినవాళ్లు కూడా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రామగిరి అక్క, నల్లగొండ

చెల్లీ, నీ పోస్టు చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా టామీకి పదకొండేళ్లు. వాడికి మూడో ఏట మొదలైంది ఈ భయం. అప్పుడు నేను చేసిన తప్పులన్నీ నువ్వు చేయకుండా ఉండాలని రాస్తున్నా.

ముందు మీ అత్తమ్మ మాట. పెద్దావిడ మంచికే చెప్పి ఉంటుంది, మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు. కానీ భయం అనేది కూర్చో అంటే కూర్చునే లాంటి పని కాదు, మనం బహుమానం ఇస్తే ఇంకోసారి చేయడానికి. ఉరుముకు ఉలిక్కిపడ్డ పిల్లను ఒళ్లోకి తీసుకుంటే ఆ పిల్ల రేపు ఉరుము కోసం ఎదురుచూస్తుందా? వాడు వచ్చి ఆనుకుంటే ఆనుకోనివ్వు. మెడ కింద నుంచి ఛాతీ దాకా నెమ్మదిగా నిమురు. వాడు మంచం కిందికి పోతానంటే మాత్రం లాగొద్దు, పోనివ్వు. కట్టేయడం అస్సలు వద్దు. భయంతో గింజుకుని మెడకు ఉరి పడేంత పని అవుతుంది. మా వీధిలో ఒక కుక్కకు అలా మెడంతా ఒరుసుకుపోయింది.

ఇక నేను ఏం చేస్తానంటే, మా ఇంట్లో వీధికి దూరంగా బీరువాకూ మంచానికీ మధ్య ఒక సందుంది. టామీ తనంతట తనే ఎంచుకున్నాడు దాన్ని. దీపావళికి నెల ముందే అక్కడ పాత బొంత పరిచి, పైన దుప్పటి వేలాడదీసి గుహలాగా చేస్తాను. రోజూ ఒక పూట అన్నం అక్కడే పెడతాను, ఎముక ఇచ్చినా అక్కడే. మంచి రోజుల్లో మంచి జరిగిన చోటైతేనే చెడ్డ రోజు అక్కడికి పోతాడు. పండగ రోజు సాయంత్రం కొత్తగా ఒక గదిలో వేసి తలుపు మూస్తే అది జైలే కదా.

కూలర్ ఉందా మీకు? ఎండాకాలం అయ్యాక అటక మీద పెట్టేసి ఉంటే దించు. నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యాను వేసి ఆ గదిలో పెట్టు. ఆ గుంయ్‌మనే మోతలో బయటి చప్పుళ్ల పదును చాలా తగ్గిపోతుంది. నేను టీవీ కూడా పెట్టి చూశా, కానీ టీవీలో మధ్యమధ్యలో నిశ్శబ్దం వస్తుంది, సరిగ్గా అప్పుడే బయట బాంబు పడుతుంది. కూలరైతే ఆగదు. దాన్ని కూడా వారం ముందు నుంచే అలవాటు చెయ్యి. కిటికీలకు మందం దుప్పట్లు కట్టు, మెరుపులు కూడా కనపడొద్దు.

అన్నిటికంటే నాకు పనిచేసింది చప్పుడు అలవాటు చేయడం. ఇది చాలా ఓపిక పని, అందుకే వివరంగా చెప్తున్నా. పటాకుల చప్పుళ్ల రికార్డింగ్ ఫోన్‌లో పెట్టుకుని, పక్క గదిలో చిన్న స్పీకర్‌కు కలుపు. సౌండ్ ఎంత తక్కువంటే నీకు వినిపించీ వినిపించనట్టు ఉండాలి. మనకు 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు దాదాపు 45 వేల దాకా వినిపిస్తుంది, మనకంటే మెల్లటి చప్పుడు కూడా వాడు పట్టుకుంటాడు. వాడి చెవి ఒకసారి అటు తిరగాలి, అంతే, తోక దిగకూడదు. టప్‌మన్న వెంటనే ఉడికించిన కోడి కార్జం చిన్న ముక్క నోట్లో పెట్టు. మళ్లీ టప్, మళ్లీ ముక్క. చప్పుడు ముందు, ముక్క తర్వాత. తిప్పి చేశావంటే ముక్క కనపడగానే బాంబు పడుతుందని నేర్చుకుంటాడు, నాకు అలాగే అయింది, పది రోజులు కార్జం చూస్తేనే పారిపోయాడు. ఐదు నిమిషాలు చాలు, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. రెండు మూడు రోజులు హాయిగా తిన్నాక ఒక్క గీత పెంచు. ఎప్పుడైనా ముక్క తినకుండా మొహం తిప్పుకున్నాడంటే నువ్వు తొందరపడ్డట్టు. వెనక్కి రా.

ఆరు వారాల్లో పూర్తిగా పోతుందని మాత్రం ఆశపెట్టుకోకు. టామీకి రెండేళ్లు పట్టింది. స్పీకర్‌లో ఆ నేల అదిరే దెబ్బ రాదు, మందు వాసన రాదు. మధ్యలో దసరాకు రావణ దహనం పెడతారు కదా, ఆ రోజు, దాని మర్నాడు పాఠం ఆపేయి. నిజం బాంబు పేలుతున్న రోజు వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు.

జవాబు: దవాఖాన అన్న, వనపర్తి

అమ్మా, నేను సర్కారు పశువుల దవాఖానలో 31 ఏళ్లు కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాను. డాక్టర్‌ను కాదు, కాబట్టి మందు రాయను, డోసు చెప్పను. చూసింది చెప్తాను.

మీరు రాసిన లక్షణాలు, ఒళ్లు వాలిపోవడం, కంటి మూలన పొర రావడం, చెవులు మాత్రం అదురుతూ ఉండటం, ఇవన్నీ ఎసిప్రోమజైన్ అనే మందుకు సరిగ్గా సరిపోతాయి. మీకిచ్చింది అదేనో కాదో చీటీ చూస్తే తెలుస్తుంది. అది ఒంటిని పడుకోబెడుతుంది, లోపలి భయాన్ని తగ్గించదు. చూసేవాళ్లకు కుక్క నిమ్మళంగా ఉన్నట్టుంటుంది, దానికి మాత్రం అన్నీ వినపడుతుంటాయి, పారిపోవడానికి కాళ్లు రావు. చప్పుడుకు ఇంకా ఎక్కువ ఉలిక్కిపడేలా చేస్తుందని కూడా ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. పాతకాలంలో మేమూ ఎన్నో కుక్కలకు ఇచ్చాం. అప్పట్లో అదే తెలుసు. ఇప్పుడు తలచుకుంటే బాధగానే ఉంటుంది. మీ మనసొప్పకపోవడం సరైనదే.

ఇప్పుడు భయాన్నే తగ్గించే మందులున్నాయి. ట్రాజోడోన్, గాబాపెంటిన్, ఆల్ప్రాజోలాం లాంటివి కుక్క బరువు, గుండె, కాలేయం చూసి డాక్టర్ రాస్తారు. చప్పుడు మొదలయ్యాక వేస్తే సగం వృథా. సాధారణంగా గంటన్నర, రెండు గంటల ముందే పడాలి. ఇంకో మాట గట్టిగా చెప్తాను: పండగకు రెండు వారాల ముందు, ఏ చప్పుడూ లేని మామూలు రోజున ఒకసారి వేసి చూడమని డాక్టర్‌ను అడగండి. ఒక్కో కుక్కకు ఒక్కోలా పడుతుంది. కొన్ని తూలుతాయి, కొన్ని తిరగబడి చిరాకు పడతాయి. అది పండగ రాత్రి తెలిస్తే ఏం లాభం?

మెడికల్ షాపులో అడిగి మనుషుల మందు మాత్రం వేయొద్దు. మనుషుల సిరప్‌లు కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి కలుపుతారు, అది కుక్కకు విషం. పిల్లికైతే సగం పారాసిటమాల్ బిళ్ల కూడా ప్రాణం తీస్తుంది. నా కళ్ల ముందే పోయాయి.

మోతికి నాలుగేళ్లే అంటున్నారు కాబట్టి సరే. కానీ చదివేవాళ్లలో ముసలి కుక్కలున్నవాళ్లు ఉంటే వినండి. ఏడెనిమిదేళ్ల దాకా పటాకులకు బెదరని కుక్క ఒక్కసారిగా బెదరడం మొదలుపెడితే నడుము, కీళ్లు చూపించండి. ఉలిక్కిపడ్డప్పుడల్లా ఒళ్లు బిగుసుకుని ఆ నొప్పి కలుక్కుమంటుంది. చప్పుడుకూ నొప్పికీ ముడి పడిపోతుంది. నొప్పికి వైద్యం చేస్తే భయం కూడా తగ్గిన కుక్కలను చూశాను.

పండగ మర్నాడు పొద్దున మా దవాఖానకు ఎక్కువగా వచ్చేవి వాంతుల కేసులు. పేలని పటాకులను కుక్కలు నమిలేస్తాయి. ఆ మందులో బేరియం ఉప్పులుండొచ్చు. వాంతులు, వణుకు, కాళ్లు పడిపోవడం దాకా పోతుంది. అందుకే పొద్దున తిప్పడానికి తీసుకెళ్లే ముందు ఇంటి ముందు చీపురు పట్టండి. కాలిన గాయమైతే పంపు కింద చల్లటి నీళ్లు ధారగా పోయండి, ఐసు గానీ టూత్‌పేస్టు గానీ పసుపు గానీ పెట్టకుండా తీసుకురండి.

జవాబు: బర్లకొట్టం, కల్వకుర్తి

కుక్కల గురించి నాకు అంత తెల్వదు గానీ, నాకు ఐదు బర్లున్నాయి కాబట్టి రాస్తున్నా. దీపావళి మర్నాడు పొద్దున ఎంత తడిమినా చేపు రాదు. పొదుగు నిండా పాలుంటాయి, ఒక్క చుక్క దిగదు. బెదిరిన పశువుకు ఒంట్లో వేరే రసం ఊరి పాలు చేపే రసాన్ని ఆపేస్తుందని డాక్టర్ సార్ చెప్పిండు. అప్పుడు కొట్టడం, తిట్టడం చేస్తే సాయంత్రం పాలు కూడా పోతాయి. నేను ఆ రోజు సాయంత్రం పాలు ఐదింటికే పిండేసి, కొట్టానికి వీధి వైపు తడకకు తాటిపత్రి కట్టి, మేత నిండా వేసి, అక్కడే మంచం వేసుకుంటా. మనిషి దగ్గగానే నెమరు మొదలుపెడతాయి. మనం అక్కడున్నామని వాటికి తెలిస్తే చాలు. కోళ్లున్నోళ్లు గంపలో మరీ ఇరికించకండి. బెదిరితే అన్నీ ఒకే మూలకు ఎక్కి కిందివి ఊపిరాడక చస్తాయి. గడ్డివాము మీద ఒక కన్నేసి ఉంచండి. రాకెట్టు ఎటు పోతదో కాల్చినోడికి కూడా తెల్వదు.

జవాబు: రెండు పిల్లుల ఇల్లు, మిర్యాలగూడ

పిల్లులైతే ఎత్తుకు పోతాయి. మా రెండూ అటక మీద పాత సూట్‌కేసుల వెనక దాక్కుంటాయి. రాత్రంతా దిగకపోయినా నేను పిలవను, నీళ్లగిన్నె, మట్టితొట్టి పైనే పెడతాను.

నేను రాయాలనుకున్నది ఇరుగుపొరుగు గురించి. మహబూబ్‌నగర్ అక్కా, మీ గల్లీలో పిల్లలతో ముందే మాట్లాడండి. పండగ రోజు గేటు దగ్గర నిలబడి అరిస్తే పంతం పెరుగుతుంది. నేను వారం ముందు మా అపార్ట్‌మెంట్ పిల్లలను ఇంటికి పిలిచి పిల్లులను చూపించి, బాంబులు వెనక ఖాళీ జాగాలో కాల్చండి, చిచ్చుబుడ్లు, భూచక్రాలు ఇక్కడే కాల్చుకోండి, నేను కూడా వస్తాను అన్నాను. ఒప్పుకున్నారు. వాళ్లకు కూడా పిల్లులంటే ఇష్టమే కదా. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే అని చెప్పింది. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే పటాకులు తయారు చేయడానికీ అమ్మడానికీ లేదు. పది దాటాక కూడా ఆగకపోతే 112కు ఫోన్ చేయొచ్చు. కావాలని కుక్క తోకకు లడి కట్టేవాళ్లుంటారు, అది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం, దానికి మాత్రం నేను ఎవరి మొహమూ చూడను.

ఇంకోటి, మోతి మెడపట్టీకి మీ ఫోన్ నంబరు కుట్టించండి. వేలాడే బిళ్ల ఊడిపోవచ్చు. పట్టీ మీదే నంబరు ఉండాలి.

జవాబు: మోతివాళ్లమ్మ, మహబూబ్‌నగర్

దీపావళి అయి మూడు రోజులైంది. ఎలా జరిగిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

రామగిరి అక్క చెప్పినట్టే మొదలుపెట్టాను. మోతి ఎంచుకున్న చోటు మెట్ల కింద బియ్యం బస్తాల వెనక. అక్కడే బొంత వేశాం. రికార్డింగ్ నాలుగు వారాలే కుదిరింది. దసరాకు ఒకసారి, మధ్యలో గల్లీలో ఎవరిదో పుట్టినరోజుకు ఒకసారి మళ్లీ మొదటికి వచ్చాం. వేరే డాక్టర్‌కు చూపించాను. పాత చీటీ చూసి ఆ మందు ఆపేయమన్నారు, వేరేది రాశారు. ఒక మామూలు ఆదివారం వేసి చూస్తే మెట్ల దగ్గర కొంచెం తూలాడు. చెబితే డోసు తగ్గించారు. దవాఖాన అన్నా, ఆ ఒక్క మాట మీరు చెప్పకపోతే నేను నేరుగా పండగ రోజే వేసేదాన్ని.

ఆ రోజు నాలుగింటికే దూరం తిప్పుకొచ్చాం. ఐదింటికి అన్నం, మాత్ర. ఆరుకు కూలర్ వేసి, గేటు కింద సందుకు చెక్క కొట్టించి, లోపలి తలుపు మూశాకే దీపాలు పెట్టాను. గల్లీ పిల్లలు బాంబులన్నీ గ్రౌండ్‌కు తీసుకుపోయారు, నలుగురు వచ్చి మోతిని నిమిరి మరీ వెళ్లారు.

ఎనిమిదిన్నర దాకా బొంత మీదే పడుకున్నాడు, తల ఎత్తి చూసేవాడు, మళ్లీ దించేవాడు. తర్వాత వెనక వీధిలో పెద్ద లడి పేలింది, పది వేలదేమో, ఆగలేదు. బస్తాల వెనక నుంచి వచ్చి నా ఒళ్లో తల పెట్టేశాడు. వణికాడు, రొప్పాడు, నాలుక అంచు నుంచి చొంగ నా చీర మీద పడింది. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టి ఉంచాను. గుండె గట్టిగానే కొట్టుకుంది, కానీ నిమజ్జనం నాటిలా అరచేతిని కొట్టలేదు. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని చూసి చూసి, కిందికి దిగి వాడి వెనక కాళ్ల మీద తన కొంగు కప్పింది. ఏమీ అనలేదు.

కార్జం ముక్కలు గిన్నెలో అలాగే ఉండిపోయాయి. పదకొండు దాటాక లేచి, ఒళ్లు విదిలించుకుని, గిన్నెడు నీళ్లు తాగి, ఆ ముక్కలన్నీ తిన్నాడు. తిన్నాక గిన్నె కూడా నాకాడు.

నిన్నటి నుంచి మళ్లీ మొదటి గీత సౌండ్ దగ్గర మొదలుపెట్టాను. ఇక పెళ్లిళ్లు వస్తున్నాయి, బరాత్‌లన్నీ మా గల్లీ ముందు నుంచే పోతాయి. అక్కా, బ్యాండు చప్పుడు కూడా పటాకులతో పాటే అలవాటు చేయాలా, లేక వేరుగానా?